రాకెట్‌లో చోటు ఎవరికి?

1951లో అమెరికాలో ‘వెన్ వరల్డ్స్ కొలైడ్’ అనే సినిమా విడుదలైంది. ఒక నక్షత్రం భూమి మీదికి దూసుకొస్తూ ఉంటుంది. ప్రళయం తప్పదని తేలాక కొందరు శాస్త్రవేత్తలు ఒక రాకెట్ ఓడ కడతారు. అందులో నలభై చిల్లర మందికే చోటు. పశువులను ఎక్కిస్తారు, పుస్తకాలను ఎక్కిస్తారు. మనుషుల్లో ఎవరు ఎక్కాలన్నది చీటీలు వేసి తేలుస్తారు. చివరికి ఓడ కొత్త గ్రహం మీద క్షేమంగా దిగుతుంది. మానవజాతి బతికి బట్టకట్టిందని సినిమా సంతోషిస్తుంది. ఆ ఓడ దిగినవాళ్లలో నల్లజాతి మనిషి ఒక్కరూ లేరు. ఆసియా మనిషీ లేరు. అంతా తెల్లవారే. మిగతా ప్రపంచం పేర్లు చీటీల డబ్బాలోనే వేయలేదు.

ఆ సినిమా తీసినవాళ్లు పనిగట్టుకుని అలా చేసి ఉండకపోవచ్చు. ‘మానవజాతి’ అనగానే వాళ్ల కళ్ల ముందు మెదిలిన ముఖాలు అవే. అప్పట్లో పెద్దగా ఎవరూ అడగలేదు కూడా. డెబ్బై ఏళ్ల తరవాత చూసే మనకు మాత్రం మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది అదే.

1950ల నుంచి 1960ల చివరి దాకా సైన్స్ ఫిక్షన్ సినిమాకు మంచి గిరాకీ ఉన్న కాలం. అణుబాంబు భయం, ఎగిరే పళ్లేల పుకార్లు, చంద్రుడి మీదికి పోటీ, అన్నీ తెరకెక్కాయి. ఆ సినిమాల్లో సమాజం ఎలా కనిపించిందో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. తెర మీద ఎవరున్నారు? ఉన్నవాళ్లు ఏ పని చేస్తున్నారు? కథ ముగిసేసరికి ఎవరు మిగిలారు? ప్రాతినిధ్యం అనే పెద్ద మాట వెనక ఉన్నవి ఈ మూడే.

ఎవరున్నారు?

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. ‘డెస్టినేషన్ మూన్’ (1950)లో చంద్రుడి మీదికి వెళ్లిన నలుగురూ తెల్ల మగవాళ్లు. ‘ఫర్బిడెన్ ప్లానెట్’ (1956)లో అంతరిక్ష నౌక నిండా తెల్ల మగవాళ్లే. కథ మొత్తానికీ ఉన్న ఒక్క ఆడపిల్ల, నౌక దిగిన గ్రహం మీద తండ్రితో ఒంటరిగా పెరిగిన యువతి. ఆ నౌక కాంతి కంటే వేగంగా నక్షత్రాలు దాటి వెళ్లగలదు. ఆ గ్రహం మీద ఉన్న మరమనిషి అడిగిన వస్తువల్లా తయారు చేసి ఇవ్వగలడు. ఊహకు అక్కడ అడ్డేమీ లేదు. నౌకలో ఒక నల్లజాతి ఇంజనీరును కూర్చోబెట్టడానికి మాత్రం ఆ ఊహ చాల్లేదు.

ఈ మాట అనగానే ఎదురుగా వచ్చే సమాధానం ఒకటుంది: “ఆ కాలం అలాంటిది. అప్పట్లో ప్రయోగశాలల్లో తెల్ల మగవాళ్లే ఉండేవాళ్లు, సినిమా ఉన్నదే చూపించింది.” వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నిజం కాదు.

వర్జీనియా రాష్ట్రంలోని లాంగ్లీ పరిశోధనా కేంద్రంలో 1943 నుంచే నల్లజాతి మహిళలు గణితజ్ఞులుగా పనిచేస్తున్నారు. విమానాలకు, తరవాత రాకెట్లకు కావలసిన లెక్కలు చేతితో కట్టేది వాళ్లు. వాళ్లను వేరే గదుల్లో కూర్చోబెట్టేవారు. ఆ విభాగానికి 1949లో డొరొథీ వాన్ అధిపతి అయ్యారు. 1953లో కేథరిన్ జాన్సన్ అక్కడ చేరారు. 1958లో మేరీ జాక్సన్ ఇంజనీరయ్యారు. చైనాలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త చియెన్ షియుంగ్ వూ 1956 చివర్లో చేసిన ప్రయోగం భౌతిక శాస్త్రంలో ఒక మూల సూత్రాన్నే తలకిందులు చేసింది. ఆ సూత్రం తప్పు కావచ్చని ముందుగా ప్రతిపాదించిన ఇద్దరు మగ శాస్త్రవేత్తలకు 1957లో నోబెల్ వచ్చింది, ఆమెకు రాలేదు.

మనవాళ్లూ ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సర్ మందుల మీద, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద పనిచేసిన బృందాలను నడిపించారు. 1948లో అక్కడే కన్నుమూశారు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అప్పటికే షికాగో విశ్వవిద్యాలయంలో నక్షత్రాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నారు. అంటే ఒక భారతీయుడు అమెరికా ప్రయోగశాలకు నాయకత్వం వహించడం 1950 నాటికి ఊహ కాదు, జరిగిపోయిన సంగతి. హాలీవుడ్ తెర మీద తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్తల్లో అలాంటి మనిషి కనిపించడు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ సినిమాలు తమ కాలాన్ని ఉన్నదున్నట్టు చూపించాయనుకోవడం పొరపాటు. మనుషుల విషయంలో అవి తమ కాలం కంటే వెనకబడ్డాయి. వందల ఏళ్ల తరవాతి నౌకలో ఉన్నవాళ్ల కంటే, ఆనాటి లాంగ్లీ ఆఫీసులో ఉన్నవాళ్లలోనే ఎక్కువ రకాల మనుషులున్నారు.

ఎందుకలా జరిగింది?

కారణాల్లో మొదటిది రాసిపెట్టిన నిబంధనే. హాలీవుడ్ స్టూడియోలు తమకు తామే పెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్ 1934 నుంచి గట్టిగా అమలైంది. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమ, శారీరక సంబంధం చూపకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ నిషేధాన్ని 1956లో గానీ తీసేయలేదు. కథలో ఒక యువతి, ఒక నల్లజాతి యువకుడు ఉంటే వాళ్ల మధ్య ఏదో జరగొచ్చన్న అనుమానం వస్తుంది. అనుమానమే రాకుండా ఉండాలంటే ఆ యువకుడి పాత్రే లేకుండా చేయడం తేలిక.

రెండోది వ్యాపారం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సినిమా ఆడాలంటే అక్కడి స్థానిక సెన్సార్లను దాటాలి. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో లాయిడ్ బిన్‌ఫర్డ్ అనే పెద్దమనిషి పాతికేళ్లకు పైగా సెన్సార్ బోర్డుకు అధిపతి. 1947లో వచ్చిన ‘కర్లీ’ అనే పిల్లల హాస్య చిత్రాన్ని ఆయన నిషేధించాడు. కారణం, అందులో నల్లజాతి పిల్లలు తెల్ల పిల్లలతో కలిసి ఒకే బడిలో కూర్చున్నారు. బడిలో పిల్లలు కలిసి కూర్చుంటేనే అంత గొడవైతే, అంతరిక్ష నౌకలో పెద్దవాళ్లు సమానంగా కూర్చుంటే ఏమవుతుందో నిర్మాతకు తెలుసు. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఎక్కువ భాగం తక్కువ ఖర్చుతో తీసి, డ్రైవ్-ఇన్ థియేటర్లలో కుర్రకారుకు చూపించి త్వరగా డబ్బు రాబట్టుకునేవి. అలాంటి నిర్మాత తగవు కొనితెచ్చుకోడు.

మూడోది, కథలు జరిగే చోటు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1947 నుంచి లెవిట్‌టౌన్ లాంటి కొత్త శివారు కాలనీలు వెలిశాయి. అక్కడి ఒప్పందాల్లో తెల్లవారికి తప్ప ఇళ్లు ఇవ్వకూడదని రాసుకున్నారు. సైన్స్ ఫిక్షన్ రాక్షసులు తరచుగా వచ్చి పడేది అలాంటి ప్రశాంతమైన చిన్న ఊళ్ల మీదే. ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ (1956)లోని శాంటా మీరా అలాంటి కల్పిత పట్టణం. ఊళ్లోకి కొత్తవాళ్లను రానివ్వకపోవడం నిజ జీవితంలో రాసుకున్న ఒప్పందం, తెర మీద వాళ్లు వచ్చి పడటమే భయానక కథ.

ఏ పనిలో ఉన్నారు?

రెండో ప్రశ్న దగ్గర మహిళల విషయం ఆసక్తిగా మారుతుంది. జాతి విషయంలో తలుపు మూసేసిన ఈ సినిమాలు, స్త్రీల విషయంలో సగం తెరిచాయి. 1950ల సైన్స్ ఫిక్షన్‌లో మహిళా శాస్త్రవేత్తలు ఆశ్చర్యపరిచేంత తరచుగా కనిపిస్తారు. ఆ పదేళ్ల మామూలు కుటుంబ చిత్రాల్లో వంటింట్లో ఉండే స్త్రీ, ఇక్కడ సూక్ష్మదర్శిని దగ్గర ఉంటుంది. అయితే ఆమెను ఉంచి సినిమా ఏం చేస్తుందన్నది చూడాలి.

‘రాకెట్‌షిప్ ఎక్స్-ఎం’ (1950)లో డాక్టర్ లీసా వాన్ హార్న్ రసాయన శాస్త్రవేత్త. ఓడలోని అయిదుగురిలో ఆమె ఒకరు. ఇంధనం విషయంలో ఆమె లెక్కకూ బృంద నాయకుడి లెక్కకూ తేడా వస్తుంది. ఆయన తన లెక్కే నెగ్గించుకుంటాడు. ఆమె అభ్యంతరం చెప్పి, తరవాత నొచ్చుకుంటే, కాసేపు ఆడదానిలా ప్రవర్తించినందుకా ఈ క్షమాపణ అన్నట్టు మాట్లాడతాడు. ఓడ దారి తప్పి చంద్రుడికి బదులు అంగారకుడి దగ్గర తేలుతుంది. లెక్క తప్పిన ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

‘ప్రాజెక్ట్ మూన్‌బేస్’ (1953) మరీ విచిత్రం. ప్రముఖ రచయిత రాబర్ట్ హైన్‌లైన్ ఆ స్క్రిప్టు రచనలో పాలుపంచుకున్నాడు. కథాకాలం 1970. అమెరికా అధ్యక్షురాలు మహిళ. చంద్రుడి చుట్టూ తిరగబోయే నౌక నాయకురాలు కల్నల్ హోదాలో ఉన్న మహిళ. ఇంతవరకు వింటే తీసినవాళ్ల చేతులు ముద్దాడాలనిపిస్తుంది. తీరా చూస్తే, పై అధికారి ఆ కల్నల్‌ను పట్టుకుని చిన్నపిల్లను కొట్టినట్టు కొడతానని బెదిరిస్తాడు. చివర్లో ఆమె తన కింద పనిచేసిన మేజర్‌ను పెళ్లాడుతుంది. అతన్ని తన కంటే పై హోదాలో పెట్టమని తానే కోరుతుంది. కుర్చీ ఇచ్చి, కథ ముగిసేలోగా ఆ కుర్చీలోంచి ఆమె చేతే లేపించారు.

వీటితో పోలిస్తే ‘దెమ్!’ (1954) నయం. అణు పరీక్షల వల్ల మనుషుల్ని మించిపోయేలా పెరిగిన చీమల కథ అది. కీటక శాస్త్రవేత్త డాక్టర్ పట్రీషియా మెడ్‌ఫర్డ్ తండ్రితో కలిసి వస్తుంది. చీమల పుట్టలోకి దిగాల్సి వచ్చినప్పుడు, ఆడవాళ్లకు తగిన చోటు కాదని ఎఫ్‌బీఐ అధికారి అడ్డుపడతాడు. అక్కడ చూసేదేమిటో తెలిసిన మనిషి ఒకరు ఉండి తీరాలని, అధికారికి ఇప్పటికిప్పుడు కీటక శాస్త్రం నేర్పించే తీరిక లేదని ఆమె తేల్చి చెబుతుంది. దిగుతుంది. ఏం చేయాలో తనే చెబుతుంది. పాత్ర చదువును కథ నిజంగా వాడుకున్న సందర్భం ఇది. దీనికి ముందు ఏడాది వచ్చిన ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’లో నాయిక కూడా చదువుకున్నదే, గ్రంథాలయ శాస్త్రం బోధిస్తుంది. కథలో ఆ చదువుకు పనేమీ పడదు. ఆమె కాఫీ అందిస్తుంది, భయపడుతుంది, కేకలు వేస్తుంది.

కాబట్టి తెర మీద స్త్రీ ఉందా లేదా అని లెక్కపెట్టుకుంటే సరిపోదు. ఆమె చెప్పిన మాట కథ నడకను మార్చిందా అన్నది చూడాలి. 1968 నాటి ‘2001: ఏ స్పేస్ ఒడిస్సీ’ సాంకేతికంగా ఆ దశాబ్దానికే తలమానికం. అందులోనూ ఒక సన్నివేశంలో పలకరించే సోవియట్ శాస్త్రవేత్తలను మినహాయిస్తే, అంతరిక్షంలో స్త్రీల ప్రధాన వృత్తి ప్రయాణికులకు భోజనం ట్రేలు అందించడం.

మారువేషంలో వచ్చిన విషయం

ఇంత చెప్పాక, ఈ సినిమాలకు జాతి గురించి పట్టలేదా అంటే, పట్టింది. నేరుగా చెప్పలేనిది మారువేషం వేసుకుని వచ్చింది. మనకు అర్థం కాని పరాయివాడు ఊళ్లోకి వస్తే ఏం చేస్తాం? సైన్స్ ఫిక్షన్ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’ (1951)లో శాంతి సందేశంతో వేరే గ్రహం నుంచి వచ్చిన క్లాటూను దిగీదిగగానే సైనికుడు కాల్చి గాయపరుస్తాడు. ‘ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ (1953)లో గ్రహాంతరవాసులు పాడైన తమ ఓడను బాగుచేసుకుని వెళ్లిపోదామనుకుంటారు అంతే. అరిజోనా ఎడారి పట్టణం వాళ్లు తుపాకులు పట్టుకుని గుంపు కడతారు. గుంపులు కట్టి మనుషుల్ని చంపిన చరిత్ర ఉన్న దేశంలో ఆ దృశ్యానికి అర్థం తెలియని ప్రేక్షకుడు ఉండడు.

మారువేషానికీ ఒక హద్దుంది. క్లాటూ వాషింగ్టన్‌లో పేరు మార్చుకుని ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుంటాడు. ఇంటివాళ్లు మర్యాదగా ఆహ్వానిస్తారు. 1951 నాటి వాషింగ్టన్‌లో బడులు వేరు, చాలా హోటళ్లలో నల్లవారికి ప్రవేశం లేదు. వేరే గ్రహం నుంచి వచ్చినవాడికి గది దొరికింది, ఎందుకంటే చూడ్డానికి తెల్లగా ఉన్నాడు. అదే నగరంలో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషికి ఆ ఇంట్లో గది దొరికేది కాదు. పరాయివాణ్ణి ఆదరించాలని చెప్పే సినిమా, తన పక్కన ఉన్న అసలు పరాయివాణ్ణి చూడలేదు.

మారువేషం తీసేస్తే ఏం జరిగేదో ఒక కామిక్ కథ చెబుతుంది. ఈసీ కామిక్స్ 1953లో ‘జడ్జ్‌మెంట్ డే’ అనే కథ వేసింది. మరమనుషుల గ్రహం ఒకటి భూమితో కలిసి విశ్వ కూటమిలో చేరాలనుకుంటుంది. భూమి ప్రతినిధి పరిశీలనకు వెళతాడు. అక్కడ నారింజ రంగు మరమనుషులు నీలం రంగువాళ్లను వేరే వీధుల్లో ఉంచి, బస్సుల్లో వెనక కూర్చోబెడుతుంటారు. లోపలి యంత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే. మీకింకా అర్హత రాలేదని చెప్పి ప్రతినిధి తిరుగు ప్రయాణమవుతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతను నల్లజాతి మనిషి. 1956లో దీన్ని మళ్లీ అచ్చువేయబోతే కామిక్స్ సెన్సార్ అధికారి ఆ ముఖం రంగు మార్చమన్నాడు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ ఒప్పుకోలేదు. ఆ ముఖమే కథ కదా! వాదన ముదిరి చివరికి కథ ఉన్నదున్నట్టే వెలువడింది. ఈసీ సంస్థ వేసిన ఆఖరి కామిక్ పుస్తకం అదే. మరమనుషుల వివక్ష గురించి ఎంత రాసినా అభ్యంతరం లేదు. అంతరిక్ష యాత్రికుడి ముఖం నల్లగా ఉండటమే అభ్యంతరం.

చివరికి ఎవరు మిగిలారు?

మూడో ప్రశ్న అన్నిటికంటే పదునైనది. నల్లజాతి పాత్ర ఉన్న కొద్ది సినిమాల్లో ఆ పాత్ర గతి ఏమైందో చూద్దాం.

ఆర్చ్ ఓబ్లర్ తీసిన ‘ఫైవ్’ (1951)లో అణుయుద్ధం తరవాత అయిదుగురే మిగులుతారు. వారిలో ఛార్లెస్ అనే నల్లజాతి వ్యక్తి ఒకడు, నటుడు ఛార్లెస్ లాంప్‌కిన్. నెమ్మదైన మనిషి, కష్టపడి పనిచేస్తాడు, కొత్త జీవితానికి పొలం సాగుచేద్దామంటాడు. నల్లవాడితో కలిసి బతకడం ఇష్టంలేని ఎరిక్ చివరికి అతన్ని పొడిచి చంపుతాడు. ప్రపంచమంతా పోయినా జాతి ద్వేషం బతికే ఉందని చెప్పడం ఆ రోజుల్లో సాహసమే. కానీ కథ ముగిసేసరికి కొత్త లోకానికి తల్లిదండ్రులుగా మిగిలింది ఒక తెల్ల జంట.

ఎనిమిదేళ్ల తరవాత వచ్చిన ‘ద వరల్డ్, ద ఫ్లెష్ అండ్ ద డెవిల్’ (1959) ఒక మెట్టు పైకెక్కింది. నాయకుడు హ్యారీ బెలఫాంటే. నిర్మాణంలో ఆయన సొంత సంస్థకూ భాగం ఉంది. గని కూలి లోపల చిక్కుకున్న రాల్ఫ్ బయటికొచ్చేసరికి లోకం విషధూళికి బలైపోయి ఉంటుంది. ఖాళీ న్యూయార్క్ వీధుల్లో అతను ఒంటరిగా తిరిగే దృశ్యాలు ఇప్పటికీ కలవరపెడతాయి. ఆ తరవాత సారా అనే తెల్ల యువతి కనిపిస్తుంది. మొత్తం నగరంలో ఉన్నది ఇద్దరే. అయినా రాల్ఫ్ ఆమె ఉన్న భవనంలో ఉండనంటాడు. ఆమె పుట్టినరోజుకు హోటల్లో విందు ఏర్పాటు చేసి, తాను పక్కన కూర్చోకుండా వెయిటర్‌లా వడ్డిస్తాడు. అడ్డు చెప్పడానికి లోకంలో మరో మనిషి లేడు, పోలీసు లేడు, చట్టం లేదు. అయినా అడ్డుగోడ అతని లోపలే నిలబడి ఉంది. జాతి వివక్ష మనిషి మనసులో ఎంత లోతున పాతుకుపోతుందో ఇంత సూటిగా చెప్పిన సన్నివేశం ఆనాటి సైన్స్ ఫిక్షన్‌లో మరొకటి లేదు.

తరవాత బెన్ అనే తెల్లవాడు ఓడలో వస్తాడు. ఇద్దరు మగవాళ్లు తుపాకులతో ఒకరినొకరు వేటాడుకుంటారు. ఐక్యరాజ్యసమితి భవనం ఎదుట శాంతి వాక్యం చదివి రాల్ఫ్ తుపాకీ పారేస్తాడు. చివరికి ముగ్గురూ చేతులు పట్టుకుని నడుస్తూ వెళ్లిపోతారు. ‘సమాప్తం’ ఉండాల్సిన చోట ‘ఆరంభం’ అని తెర మీద పడుతుంది. రాల్ఫ్, సారాల మధ్య ప్రేమను సినిమా తేల్చి చెప్పలేదు, ముద్దు కూడా లేదు. కోడ్‌లోని నిషేధం పోయి మూడేళ్లయినా భయం పోలేదు. వర్ణాంతర వివాహాలను నేరంగా చూసే రాష్ట్ర చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో. ఇన్ని పరిమితులున్నా ఒక గెలుపు ఉంది: నల్లజాతి నాయకుడు చివరిదాకా బతికి ఉన్నాడు.

1968లో వచ్చిన ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’లో నౌకలో నలుగురు. ఒక మహిళ, ఒక నల్లజాతి శాస్త్రవేత్త, ఇద్దరు తెల్ల మగవాళ్లు. కాగితం మీద చూస్తే ఎంత ముందడుగు! మహిళ దిగకముందే నిద్రపేటికలోనే చనిపోయి ఉంటుంది. నల్లజాతి డాడ్జ్ మొదటి వేటలోనే చనిపోతాడు. తరవాత వానరుల మ్యూజియంలో అతని శరీరాన్ని గడ్డి కూరి నిలబెట్టి ఉంచుతారు. మనుషుల్ని జంతువుల్లా చూసే సమాజం ఎలా ఉంటుందో తెల్ల నాయకుడికి అనుభవంలోకి తెచ్చి, జాతి వివక్షను విమర్శించిన సినిమా ఇది. ఆ విమర్శ చేస్తూనే ఉన్న ఒక్క నల్లజాతి పాత్రనూ ముందుగా బలి ఇచ్చేసింది.

మిగతా ప్రపంచం ఏం ఊహించింది?

హాలీవుడ్ ఒక్కటే లోకం కాదు. తూర్పు జర్మనీ, పోలండ్ కలిసి 1960లో ‘మౌన నక్షత్రం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సినిమా తీశాయి. స్తానిస్వావ్ లెమ్ నవల ఆధారం, దర్శకుడు కుర్ట్ మేట్జిగ్. శుక్రగ్రహానికి వెళ్లే నౌకలో సోవియట్, అమెరికన్, జర్మన్, పోలిష్ సభ్యులతో పాటు జపాన్ వైద్యురాలు, చైనా శాస్త్రవేత్త, ఆఫ్రికా సాంకేతిక నిపుణుడు, భారతీయ గణితజ్ఞుడు ఉంటారు. ‘స్టార్ ట్రెక్’కు ఆరేళ్ల ముందు సంగతి ఇది.

దీనికీ మన మూడు ప్రశ్నలు వేద్దాం. ఎవరున్నారంటే అందరూ ఉన్నారు. సోషలిస్టు దేశాలకు కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాల స్నేహం కావాలి, ఆ రాజకీయం ఇందులో ఉంది. భారతీయ గణితజ్ఞుడు సికర్ణ వేషం వేసింది మాత్రం కుర్ట్ రాకెల్మాన్ అనే జర్మన్ నటుడు. చివరికి గ్రహం మీద చిక్కుకుపోయి తిరిగి రానివాళ్లు ముగ్గురు: జర్మన్ పైలట్, చైనా శాస్త్రవేత్త, ఆఫ్రికా నిపుణుడు. ఆదర్శం గొప్పదే, అమలులో పాత అలవాట్లు తొంగిచూశాయి. మూడేళ్లకు చెకోస్లొవేకియా తీసిన ‘ఇకారీ ఎక్స్‌బీ-1’లో నౌక నిండా మహిళా నిపుణులు కనిపిస్తారు, దారిలో ఒక బిడ్డ కూడా పుడుతుంది. అక్కడ స్త్రీ పురుషుల సమానత్వం ఉంది, చర్మం రంగుల్లో తేడా మాత్రం లేదు.

జపాన్ కథ వేరు. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్షలో ఒక జపాన్ చేపల పడవ అణుధూళిలో చిక్కుకుంది. ఆ ఏడాది నవంబరులోనే ఇషిరో హోండా తీసిన ‘గోజిరా’ వచ్చింది. బాంబు పడ్డ దేశం తన గాయాన్ని తాను చెప్పుకున్న సినిమా అది. రైల్లో ఒక యువతి, నాగసాకి నుంచి బతికి బయటపడ్డాను, ఇప్పుడు ఈ రాక్షస జంతువొకటా అని వాపోతుంది. 1956లో అమెరికా పంపిణీదారులు దీన్ని తెచ్చి, రేమండ్ బర్ అనే నటుణ్ణి అమెరికన్ విలేఖరిగా పెట్టి కొత్త సన్నివేశాలు తీసి అతికించారు. నాగసాకి మాట ఎగిరిపోయింది. సొంత కథలోనే జపాన్‌వాళ్లు నేపథ్యంలోకి వెళ్లి, చూసి చెప్పే పని తెల్ల విలేఖరికి దక్కింది. ప్రాతినిధ్యం అంటే ముఖం కనిపించడం ఒక్కటే కాదని దీన్ని మించి చెప్పే ఉదాహరణ దొరకదు. ఎవరి కథను ఎవరు చెబుతున్నారన్నదీ అందులో భాగమే.

మన దక్షిణాదికీ ఈ చరిత్రలో చిన్న పాత్ర ఉంది. ‘రాకెట్‌షిప్ ఎక్స్-ఎం’ను విడుదల చేసిన అమెరికా నిర్మాత రాబర్ట్ లిప్పర్ట్, సేలంలోని మోడరన్ థియేటర్స్‌తో కలిసి 1952లో ‘ద జంగిల్’ తీశాడు. అంతరించిపోయాయనుకున్న మామత్ ఏనుగులు భారత అడవుల్లో బయటపడే కథ. అడవి మనది, ఏనుగులు మనవి. భారతీయ రాకుమారి మాత్రం మేరీ విండ్సర్, రామా సింగ్ పాత్రధారి సీజర్ రొమేరో, ఇద్దరూ అమెరికన్ నటులే. మనవాళ్లకు చిన్న పాత్రలు మిగిలాయి.

పదకొండేళ్ల తరవాత తమిళంలో ఎంజీఆర్ నాయకుడిగా ‘కలై అరసి’ (1963) వచ్చింది. ఒక గ్రహంలో అన్నీ ఉన్నాయి గానీ సంగీతం లేదు. నేర్పించడానికి భూమి మీద గొప్ప గాయని కోసం వెతికి, ఒకామెను ఎత్తుకుపోతారు. ఆ గాయని మన భానుమతి. అదే కాలపు హాలీవుడ్‌లో రాక్షసులు ఆడవాళ్లను ఎత్తుకెళ్లేది వాళ్ల అందం కోసం. ఇక్కడ ఆమెకు వచ్చిన విద్య కోసం. రక్షించడానికి నాయకుడు వెళ్లడం మామూలే. అయినా కథకు ఇరుసు ఆమె ప్రతిభ.

తరవాత

సినిమా ఆగినచోట టెలివిజన్ అందుకుంది. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో నల్లజాతి నటి నిషెల్ నికల్స్ నౌక అధికారి ఉహూరాగా, జపాన్ మూలాలున్న జార్జ్ టకే చోదకుడు సులుగా వారం వారం కనిపించారు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టిన పిల్లవాడే ఈ టకే. మొదటి ఏడాది తరవాత తాను మానేద్దామనుకుంటే, ఆ పాత్ర విలువ చెప్పి ఆపింది మార్టిన్ లూథర్ కింగ్ అని నికల్స్ చెప్పేవారు. ఆ ధారావాహిక చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ అయ్యారు. తెర మీద కుర్చీ వేస్తే నిజం నౌకలో కూర్చునేవాళ్లు తయారవుతారా అనే ప్రశ్నకు అది ఒక జవాబు.

1950ల సినిమాలను ఈ లోపాల వల్ల పక్కన పడేయాలని చెప్పను. ‘దెమ్!’లో ఉత్కంఠ నేటికీ పనిచేస్తుంది, ‘ఫర్బిడెన్ ప్లానెట్’ రంగులు నేటికీ కట్టిపడేస్తాయి. వాటిని ప్రేమిస్తూనే ప్రశ్నించవచ్చు. తీర్పు మాత్రం స్పష్టం. యంత్రాన్ని ఊహించడానికి చిత్రకారుడు, నాలుగు అట్టలు, కాస్త రంగు చాలు. సమానత్వాన్ని ఊహించాలంటే సెన్సారుతో, పంపిణీదారుతో, తన అలవాటుతో తగవు పడాలి. ఎక్కువమంది మొదటి పనితో సరిపెట్టుకున్నారు. రెండోది చేసిన కొద్దిమంది పేర్లే ఈ రోజు గుర్తుచేసుకుంటున్నాం.

తెలుగులోనూ భవిష్యత్తును చూపే సినిమాలు 1991 నాటి ‘ఆదిత్య 369’ నుంచి 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ దాకా వచ్చాయి, ఇంకా వస్తాయి. గ్రాఫిక్స్ బాగున్నాయా లేదా అని మనం చర్చించుకుంటాం. ఈసారి మూడు ప్రశ్నలు కూడా కలుపుకోండి. ఆ రేపటి లోకంలో ఊరి చివరి వాడల వాళ్లున్నారా, నల్లటి ఒంటి రంగున్న నాయిక ఉందా, శ్రీకాకుళం యాస మాట్లాడే శాస్త్రవేత్త ఉన్నాడా? ఉంటే వాళ్ల చేత ఏ పని చేయించారు? చివరికి వాళ్లను బతకనిచ్చారా? జవాబు నచ్చకపోతే బయటికి చెప్పండి. టికెట్ కొన్న ప్రేక్షకుడికి ఆ హక్కు ఉంది.